విడాకుల పిదప భరణము: దానమా, దండనమా, ఋణమా?

వంగదేశమున వివాహానంతరము జరుగు చిన్న వేడుక యొకటి కలదు. నూతన వధువు అత్తవారింట అడుగిడిన పిదప, 'బౌభాత్' అను విందు జరుగు దినమున, వరుడు అన్నముతోను కూరలతోను నిండిన పళ్లెమును, దానితోడ ఒక చీరను ఆమె చేతికందించి, నేటినుండి నీ అన్నవస్త్రముల భారము నాది అని పలుకును. దీనిని 'భాత్-కాపొడ్' అందురు. అన్నము, బట్ట అని అర్థము. కోల్‌కతా నగరములో నేటికిని ఈ వేడుక జరుగుచున్నది. చదువుకొని ఉద్యోగములు చేయుచున్న కొందరు వధువులు ఇటీవల తామును వరునికొక పళ్లెము నందించి ఆ మాటనే తిరిగి పలుకుచున్నారు. అది నాకు తప్పుగా తోచలేదు.

ఇదే నగరములో, ఇట్లు పళ్లెమందించిన వరుడును, అందుకొన్న వధువును కొన్నియేండ్లకు న్యాయస్థానపు వరండాలో వేరువేరు బల్లలపై కూర్చుండుటయు చూడనగును. అచ్చట తరచుగా వినవచ్చు మాట 'ఖోర్‌పోష్'. పారసీకమునుండి వంగభాషలోనికి వచ్చిన ఆ పదమునకును తిండియు బట్టయునే అర్థము. పెండ్లినాడు శుభవాక్యముగా పలికిన రెండు వస్తువులే విడిపోయిననాడు వ్యాజ్యమునకు విషయములగుచున్నవి. మన తెలుగువారు దీనిని మనోవర్తి యందురు, భరణమనియు నందురు. ఈ రెండవ మాటను పాఠకులు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మరల పని కలుగును.

గత సంవత్సరము వర్షాకాలమున ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేయు తెలుగు యువకుడొకడు మా ఆశ్రమమునకు వచ్చెను. ఖరగ్‌పూరులో మనవారు తరతరములుగా నున్నారు. వారిలో అనేకులు రైలుపనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి స్థిరపడినవారి సంతతి. ఇతడును అట్టివాడే. పదునొకండేండ్ల కాపురము పిదప న్యాయస్థానము విడాకుల డిక్రీ నిచ్చినది. భార్య ఏడేండ్ల కుమార్తెతో కోల్‌కతాలోని పుట్టింట నున్నది. నెలకు ఆమెకు ఎనిమిది వేలు, బిడ్డకు ఆరు వేలు ఈయవలెనని ఉత్తరువు. అయిదు నెలలుగా అతడేమియు ఈయలేదు.

"స్వామీజీ, వివాహమును కోర్టువారే రద్దుచేసిరి. నేనిప్పుడామెకు భర్తను కాను. భర్త కానివానికి భరణమేమిటి? చెట్టు కొట్టించివేసి, దాని నీడకు ఏటేట పన్ను కట్టుమన్నట్లున్నది. నాకీ సంసారముపై విరక్తి కలిగినది. అన్నియు విడిచి ఉత్తరకాశి పోదలచితిని" అని అతడనెను.

నేను వెంటనే సమాధానము చెప్పలేదు. అతని మాటలలో రెండు ప్రశ్నలు ఒకదానితో నొకటి చిక్కుపడియుండెను. మొదటిది నిజమైన ప్రశ్న. బుద్ధిమంతులు గూడ దానికి తడుముకొందురు. రెండవది ప్రశ్నవలె కనబడు తప్పించుకొనుట యేమోయని నాకనుమానము కలిగెను. అయినను ఆ మాట మొగమెదుట అనుట న్యాయము కాదు. విరక్తి యెవనికి, ఏ ద్వారమున వచ్చునో ఇతరులకు తెలియదు.

మొదటి ప్రశ్నకు చట్టము చెప్పు సమాధానము సులభము. కాని లోతు తక్కువ. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 488వ సెక్షను, భార్యాబిడ్డలను పోషింపక విడిచిన పురుషునిచేత నెలకు 50 రూపాయలకు మించకుండ ఇప్పించు అధికారమును మేజిస్ట్రేటునకు ఒసగెను. ఆ పరిమితి 1923లో 100 రూపాయలు, 1955లో 500 రూపాయలు అయినది. అప్పటి ప్రభుత్వమునకుండిన చింత ధర్మచింత కాదు. అనాథలు వీధులలో తిరుగాడకుండవలెనను చింత. అందువలననే ఆ సెక్షనులో పెద్ద రంధ్రముండెను: భార్యగా నున్నంతవరకే ఆమెకు హక్కు. పురుషుడు విడాకులిచ్చెనా, భారమును తొలగిపోయెను. ఖరగ్‌పూరు యువకుని తర్కము ఆనాడు కోర్టులో చెల్లియుండును! 1973 నాటి కోడు 125వ సెక్షనులో, విడాకులు పొంది మరల వివాహమాడని స్త్రీని గూడ 'భార్య' అను పదములో చేర్చి ఆ రంధ్రమును పూడ్చెను. 2001లో 500 రూపాయల పరిమితి తొలగింపబడినది. 2024 జూలై 1వ తేదీనుండి అదియే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా అమలగుచున్నది. ఇది ఏ మతమువారికైనను వర్తించునది. అదే నెల 10వ తేదీన సుప్రీంకోర్టు, తెలంగాణనుండి వచ్చిన ఒక వ్యాజ్యములో, విడాకులు పొందిన ముస్లిము స్త్రీకిని ఈ హక్కు కలదని స్పష్టపరచినది. హిందువులకు ఇదిగాక 1955 నాటి హిందూ వివాహ చట్టము కలదు. వ్యాజ్యము సాగుచుండగా ఖర్చులకు 24వ సెక్షను, అది ముగిసిన పిదప శాశ్వత భరణమునకు 25వ సెక్షను, బిడ్డల పోషణకును విద్యకును 26వ సెక్షను వర్తించును.

చట్టములో ఒక అంశము మాత్రము నన్ను ఆలోచింపజేసినది. మేజిస్ట్రేటు ఉత్తరువు చేసిన సొమ్ము ఈయనివానిని, ఒక్కొక్క నెల బకాయికి ఒక్కొక్క నెలవరకు జైలులో నుంచవచ్చును. అట్లు జైలులో గడపినంతమాత్రమున బకాయి తీరినట్లు కాదని 1988లో సుప్రీంకోర్టు చెప్పెను. జైలు వసూలుచేయుటకొక సాధనము, చెల్లింపు కాదు. ఇందు గొప్ప సూక్ష్మమున్నది. భరణము దండనమే అయినచో, జైలుశిక్ష యను పెద్ద దండనతో ఈ చిన్న దండన తీరిపోవలసినది. తీరలేదు. అనగా ఇది దండన కాదు. దానమును కాదు, ఏలన దానమును ఈయనివానిని ఎవ్వరును జైలులో పెట్టరు. మిగిలినది ఋణమొక్కటే.

ఋణమైనచో దేనికి ఋణము? ఇక్కడ చట్టపు పుస్తకములను మూసి మన శాస్త్రమును తెరువవలసియున్నది.

వేదాంతులు కర్మను మూడు విధములుగా విభజింతురు. జ్ఞానోదయముతో సంచితము దగ్ధమగును, ఆగామి యంటదు, ప్రారబ్ధము మాత్రము అనుభవించియే తీరవలెను. విలుకాడు మనస్సు మార్చుకొన్నను, వింటిని విరిచివైచినను, అంతకుముందే విడిచిన బాణము తన వేగము తీరువరకు పోవుచునే యుండును. జీవన్ముక్తుని దేహమే దీనికి లోబడియుండగా, ఒక న్యాయాధిపతి సంతకము దానిని ఎట్లు తప్పింపగలదు? డిక్రీ మునుముందు రానున్న దాంపత్యధర్మములను ఆపును. ఇంతకుముందు ఆరంభమై, రెండు జీవితములలో వేళ్లూనినదానిని ఆపలేదు. ఈ ఉపమానమును మరీ దూరము లాగరాదు సుమా. సాటి మనిషిని కర్మఫలమని పిలుచుట మర్యాద కాదు. వివాహము ముగిసినను వివాహమువలన కలిగిన కార్యములు ముగియలేదని చెప్పుటవరకే నా తాత్పర్యము.

ఆ యువకుని నేనడిగితిని: "బాబూ, పెండ్లినాటికి ఆమె యేమి చేయుచుండెను?" ఒక ప్రైవేటు పాఠశాలలో పంతులమ్మగా నుండెనట. ఖరగ్‌పూరు కాపురమునకు వచ్చునప్పుడు మానివేసెను. పిదప అతని తల్లి పక్షవాతముతో నాలుగేండ్లు మంచము పట్టినది. ఆమెకు స్నానము చేయించినది, పక్కబట్టలు మార్చినది కోడలే. ఆ యేండ్లలో అతనికి రెండు ప్రమోషనులు వచ్చెను. పదునొకండు సంవత్సరములును అతని సర్వీసు రిజిష్టరులో ఒక్కొక్కటిగా ఎక్కినవి. వాటికి ఇంక్రిమెంట్లు వచ్చినవి, రేపు పింఛను వచ్చును. ఆమెకు అవి ఏ రిజిష్టరులోను ఎక్కలేదు. ఈ లెక్క చెప్పునప్పుడు అతని తప్పు ఎంత, ఆమె తప్పు ఎంత యని నేను విచారింపలేదు. కలహములో ఎవరు మొదట నోరు జారిరో నాకు తెలియదు. ఆ విషయము తేలినను ఈ లెక్క మారదు.

మన స్మృతికర్తలు ఈ లెక్కను ఎరుగుదురు. ఆజ్ఞను పాటించునది, సమర్థురాలు, పుత్రవతి, మృదుభాషిణియైన భార్యను విడిచినవానిచేత అతని ధనములో మూడవవంతు ఆమెకిప్పింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి శాసించినది. ధనము లేనివాడైనచో భరణమైనను జరుపవలెను. ఇన్ని గుణములున్న ఇల్లాలికి మాత్రమే యన్న నియమము నేటివారికి రుచింపదు, రుచింపకుండుటయు సమంజసమే. కాని విడిచివేయుటతో బాధ్యత తీరిపోవునను మాట ఆ గ్రంథములో లేదు. కౌటిల్యుడు మరియు విచిత్రముగా మాటలాడును. ధర్మవివాహములకు విడుదల లేదని చెప్పుచునే, తక్కినవానిలో పరస్పరద్వేషము కలిగినచో దంపతులు విడిపోవచ్చుననెను. ఆ విడిపోవుటకు అతడు వాడిన పదము 'మోక్షము'! స్త్రీవలని అపకారముచేత పురుషుడే ఈ మోక్షమును కోరినచో, ఆమెవద్ద తీసికొన్నదానిని తీసికొన్నట్లే మరల ఈయవలెనట. తీసికొన్నది తిరిగి యీయక లభించు మోక్షము అర్థశాస్త్రకారునికి గూడ సమ్మతము కాదు.

ఇక ఎంత యీయవలెననునది కఠినమైన ప్రశ్న. దానికి ఏ శాస్త్రమును ఒక్క అంకెను చెప్పలేదు. హుగ్లీ జిల్లాలో మొదలై కలకత్తా హైకోర్టుమీదుగా వెళ్లిన ఒక వ్యాజ్యములో, 2017 ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు, భర్త చేతికివచ్చు నికర జీతములో నాలుగవవంతు న్యాయమైన భరణమని పలికినది. హైకోర్టు 23,000 రూపాయలుగా పెంచిన మొత్తమును 20,000 రూపాయలకు తగ్గించెను. ఏలన ఆ పురుషుడు మరల వివాహమాడి మరియొక బిడ్డను గూడ పోషింపవలసినవాడయ్యెను. అప్పటినుండి 'నాలుగవవంతు' అను మాట వకీళ్ల నోట ఒక సూత్రమువలె ఆడుచున్నది. అది సూత్రము కాదు. ఇదే కలకత్తా హైకోర్టునుండి వచ్చిన మరియొక వ్యాజ్యములో, 2025 మే నెలలో, సుప్రీంకోర్టు 20,000 రూపాయల భరణమును 50,000 రూపాయలకు పెంచి, రెండేండ్లకొకమారు నూటికి అయిదు వంతున హెచ్చవలెనని ఆదేశించినది. ఆమె మరల వివాహమాడలేదు, ఒంటరిగా జీవించుచున్నది, వివాహకాలములో ఆమెకలవడిన జీవనవిధానమునకు తగినట్లుండవలెనని న్యాయమూర్తులు భావించిరి. ధరలు పెరుగుటను గూడ లెక్కించిరి. వారి కుమారునికి 26 ఏండ్లు వచ్చుటచే అతనికి భరణము అవసరము లేదనిరి గాని, తండ్రి ఆస్తిలో అతనికుండదగిన వారసత్వమునకు దీనివలన భంగము లేదనిరి. ఒకే నగరపు హైకోర్టునుండి వెళ్లిన రెండు వ్యాజ్యములలో ఒకచోట తగ్గుటయు, ఒకచోట పెరుగుటయు చూచి కొందరు దీనిని అనిశ్చయమందురు. నాకు వివేకముగా తోచుచున్నది. ఋణము ఒక్కటే యైనను ఇద్దరి ఇండ్లలోని పొయ్యిలు వేరు.

పురుషుల మొరను గూడ వినవలెను. తగిన సంపాదన యుండియు దానిని దాచి భరణము కోరు స్త్రీలు లేకపోలేదు. జీతమును తక్కువచేసి చూపు పురుషులు అంతకంటె తక్కువ లేరు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు, ఇరుపక్షములవారును తమ ఆదాయమును, ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రముపై వెల్లడింపవలెనని నియమించినది. అర్జీ పెట్టిన తేదీనుండియే భరణము లెక్కకట్టవలెనని గూడ చెప్పినది. వాయిదాలు వేయించుకొని లాభపడుటకు వీలులేకుండ చేసినది. హిందూ వివాహ చట్టము ప్రకారము, ఆధారములేని భర్త సంపాదనపరురాలైన భార్యనుండి భరణము కోరవచ్చును. ఋణమునకు స్త్రీపురుషభేదము లేదు. ఎవరి జీవితము ఎవరికొరకు వంగినదో చూచుకొనవలెను, అంతే. వధువులు వరునికి తిరిగి పళ్లెమందించుట తప్పుగా తోచలేదని మొదట వ్రాసినది ఇందువలననే.

బిడ్డ సంగతి వేరు. ఇక్కడ బేరము లేదు, అపరాధవిచారణ లేదు. తల్లి నేరము చేసినను, తండ్రి నేరము చేసినను, బిడ్డ చేసిన నేరమేమున్నది? 1956 నాటి దత్తత, భరణముల చట్టము ఈ భారమును తండ్రిపైనను తల్లిపైనను ఉంచినది. వివాహబంధమునకు వెలుపల పుట్టిన బిడ్డకును ఆ హక్కునే యిచ్చినది. రాజీపత్రములో తల్లి 'నాకేమియు అక్కరలేదు' అని వ్రాసియిచ్చినంతమాత్రమున బిడ్డ వాటా పోదు. అది ఆమె సొమ్ము కాదు గనుక. తండ్రి సొమ్మీయలేదని బిడ్డను చూడనీయని తల్లులున్నారు; బిడ్డను చూడనీయలేదని సొమ్ము మానివేయు తండ్రులున్నారు. ఇద్దరును బిడ్డను కుదువపెట్టుచున్నారు. ఒకరి తప్పు రెండవవారి తప్పునకు రసీదు కాజాలదు.

నన్నయభట్టారకుడు తెనిగించిన శకుంతలోపాఖ్యానమును మనమందరమును చదివితిమి. కాళిదాసు నాటకములో దుర్వాసుని శాపమున్నది, ఉంగరమున్నది; రాజు మరచిపోయెను గనుక నిర్దోషి. భారతకథలో శాపము లేదు. రాజునకు జ్ఞాపకమున్నది, అయినను నిండుసభలో ఎరుగననెను. శకుంతల తనకొరకు అంతగా అడుగలేదు, కొడుకు కొరకడిగెను. అప్పుడు అశరీరవాణి ఆ బిడ్డను భరింపుమని దుష్యంతుని ఆజ్ఞాపించినది. భరింపదగినవాడు గనుకనే సర్వదమనుడను ఆ బాలునికి భరతుడను పేరు కలిగెనని భారతము చెప్పును. భర్త, భార్య, భరణము, భరతుడు: నాలుగును ఒకే ధాతువునుండి పుట్టినవి. మొదటి రెండు మాటలు విడాకులతో చెల్లకపోవచ్చును. చివరి రెండింటికిని వివాహపు డిక్రీతో పనిలేదు. తండ్రిచే సభలో నిరాకరింపబడి, భరణమునకై వచ్చిన బిడ్డ పేరిట వెలసిన వంశమును, ఆ వంశపు కథకు భారతమను పేరును మనము గర్వముగా చెప్పుకొనుచున్నాము.

ఇంతవరకు విని ఆ యువకుడు తలవంచుకొని కొంతసేపుండి, "నేను సన్న్యసించినచో?" అనెను. సిద్ధార్థుడు భార్యాబిడ్డలను విడిచి వెళ్లలేదా యని గూడ అడిగెను.

వెళ్లెను. శుద్ధోదనుని ఇంట అన్నమునకు కొదువలేనివారిగా విడిచి వెళ్లెను. అయినను బుద్ధుడై కపిలవస్తునకు తిరిగివచ్చినప్పుడు, తల్లి పంపగా రాహులుడు వెంటనడచి తన పిత్రార్జితమును తనకిమ్మని యడిగిన కథ బౌద్ధులు దాచిపెట్టలేదు. ఉపనిషత్తులోని యాజ్ఞవల్క్యుని చూడుము. అతడు మైత్రేయితో నాడిన సంభాషణను మేము ఏటేట ఉపన్యాసములలో చెప్పుచుందుము. ఆత్మతత్త్వమునంతటిని అందులోనుండి తీసి చూపుదుము. ఆ సంభాషణ దేనితో మొదలైనదో తొందరగా దాటిపోవుదుము. నేను ఈ ఆశ్రమమునుండి వెడలనున్నాను, నీకును కాత్యాయనికిని మధ్య పరిష్కారము చేసి పోయెదను అని అతడు మొదట పలికెను. బ్రహ్మవేత్తలలో అగ్రగణ్యుడు గూడ లెక్క తేల్చక గడప దాటలేదు. మైత్రేయి ధనముతో అమృతత్వము వచ్చునా యని యడిగి గొప్పది అయ్యెను. కాత్యాయని యేమియు అడుగలేదు. ఇల్లు నడపవలసిన ఆమెకు ఆ పరిష్కారమే అవసరమై యుండును. ఆమెనుగూర్చి మేము ఉపన్యాసములలో చెప్పినది చాల తక్కువ.

కౌటిల్యుడు ఈ విషయమున యెట్టి మొగమాటమును పడలేదు. భార్యాపుత్రులకు ఏర్పాటు చేయక సన్న్యసించువానికి పూర్వసాహసదండము విధించెను. అనగా 48 మొదలు 96 వరకు పణములు. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు ఇదే నగరములోని సంస్కృత కళాశాలకు అధ్యక్షులుగా నుండి, విధవావివాహమునకు ఆధారముగా చూపిన పరాశరస్మృతిని తలచుకొన్నప్పుడు నాకు మరియు సంకోచము కలుగును. స్త్రీ మరల వివాహమాడదగిన అయిదు ఆపదలను పరాశరుడు లెక్కించెను: భర్త కానరాకపోవుట, మరణించుట, సన్న్యసించుట, నపుంసకుడగుట, పతితుడగుట. మేము పరమపురుషార్థమని ధరించిన కాషాయము ఆ పట్టికలో మరణమునకు తరువాత, పాతిత్యమునకు ముందు, ఇల్లాలికి వచ్చిన ఆపదగా నిలిచియున్నది. ఆ వాదముతో సాధింపబడిన 1856 నాటి చట్టము గూడ లోపములేనిది కాదు. మరల వివాహమాడిన విధవ పూర్వభర్త ఆస్తినుండి రావలసిన భరణమును కోల్పోవలెనని దాని రెండవ సెక్షను నిర్ణయించెను. ఒక చేతితో తలుపు తెరచి, రెండవ చేతితో మూట లాగుకొన్నట్లయినది. నేటి చట్టములోను పునర్వివాహము భరణమును మార్చుటకో రద్దుచేయుటకో కారణము కాగలదు. బిడ్డ వాటాకు మాత్రము కాదు.

"ఉత్తరకాశి ఎచ్చటికిని పోదు. బకాయి డెబ్బదివేలు తీర్చి, బిడ్డకు పెద్దయగువరకు ఏర్పాటు చేసి రండు. అప్పటికిని ఈ విరక్తి మిగిలియున్నచో మాటలాడుకొందము" అంటిని. అతడు కొంచెము నొచ్చుకొనెను. సాయంకాలపు లోకలు బండికి వెళ్లిపోయెను.

పూజాదినముల తరువాత ఒక ఉత్తరము వచ్చినది. ఉద్యోగుల సహకార సంఘములో అప్పు తీసికొని బకాయిలో సగము చెల్లించెనట. తక్కినది మూడు వాయిదాలలో ఈయుటకు కోర్టు సమ్మతించినదట. ఉత్తరకాశి ప్రసక్తి అందులో లేదు. చివర ఇట్లు వ్రాసెను: "స్వామీజీ, సొమ్ము పంపుచున్నాను. పాపను చూచి ఎనిమిది నెలలైనది. ఫోను చేసినచో తీయరు. తమరు ఒకరి తప్పు రెండవవారికి రసీదు కాదంటిరి. అది ఆమెకు చెప్పువారెవరు?"

ఆమెకు చెప్పుటకు నాకు పరిచయము లేదు. 26వ సెక్షను క్రింద, డిక్రీ తరువాత గూడ, బిడ్డను చూచుటకై అర్జీ పెట్టుకొనవచ్చునని, అందుకొరకు సొమ్ము ఆపవద్దని ప్రత్యుత్తరము వ్రాసితిని. అతడు అర్జీ పెట్టెను. వాయిదా ఇంకను రాలేదు.